కూపన్ కొంటేనే సాయమా?

మా సంఘం సంచికకు వ్యాసం ఏదని సంపాదకవర్గం నుంచి మళ్లీ ఫోనొచ్చింది. ఏం రాయాలో తోచక కూర్చుంటే మా చిన్నదే విషయం అందించింది. "మమ్మీ, ఫ్లడ్ రాఫెల్‌లో మనకేం రాలేదు కదా, మళ్లీ ఎందుకు ఇవ్వాలి?" వరద బాధితుల కోసమని ఇక్కడ కాలిఫోర్నియాలో మా సంఘం కూపన్లు అమ్మి, డ్రా తీసి, ఐప్యాడ్ లాంటి బహుమతులిచ్చే రాఫెల్ గురించే దాని ప్రశ్న. ఆ వరదలేంటో ముందు చెప్తాను.

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగిపోయింది. జనం డాబాలెక్కి హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు. మరుసటేడు సెప్టెంబరు 1న మానుకోట జిల్లాలో కేసముద్రం అవతల రైలు పట్టాల కింద కంకరంతా కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. జనగామ నుంచి మా వదిన పంపిన ఆ వీడియోలన్నీ పిల్లకు చూపించాను. దానికి మాత్రం వాగు గుర్తులేదు, ఐప్యాడ్ గుర్తుంది.

రాఫెల్‌ను తిట్టడానికి కూర్చోలేదు, రెండు వైపులా చెప్తాను. ఊరికే చందా అడిగితే ఫోన్ చూసుకునే పెద్దమనుషులు కూడా కూపన్ అంటే పర్సు తీస్తారు. మన ఊళ్ల దగ్గర మాత్రం ఇలాంటిది లేదా? హైదరాబాద్‌లో బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. కాకపోతే వేలంలో ఎక్కువ ఇచ్చినవాడికే లడ్డూ. రాఫెల్‌లో ఐదు డాలర్లు ఇచ్చినవాడికి టీవీ వస్తుంది, ఐదువందలు ఇచ్చినవాడు చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు.

కొనేవాళ్లు కొనండి, చూసి కొనండి. మన కాలిఫోర్నియాలో రాఫెల్ పెట్టే సంస్థ ముందుగా అటార్నీ జనరల్ దగ్గర నమోదు కావాలి. వసూలైన దాంట్లో 90 శాతం సేవకే పోవాలి. టికెట్‌కూ దాని చింపుడు ముక్కకూ ఒకే నంబరుండాలి. ఇంటర్నెట్‌లో ప్రకటన ఇవ్వొచ్చు గానీ టికెట్ అమ్మకూడదు. వాట్సాప్ గ్రూపులో డబ్బు పంపడానికి జెల్ (Zelle) నంబరు పెట్టి కూపన్లు అమ్మే శ్రేయోభిలాషులు పై వాక్యం ఇంకోసారి చదవండి. వేరే రాష్ట్రాల్లో రూల్సు వేరు. యూటా, హవాయిలలో రాఫెలే కుదరదు. కూపన్ డబ్బును టాక్సుల్లో విరాళంగా చూపలేం. బహుమతి వచ్చింది, ముందు ఫీజు కట్టండి అని మెసేజ్ వస్తే అది మోసమే, డిలీట్ చేసేయండి.

డబ్బు ఊరికెలా చేరుతుందో కూడా అడగండి. ఇక్కడి సంఘం డబ్బును అక్కడ ఊళ్లో యువజన సంఘం ఖాతాలో వేస్తే కుదరదు. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాలు పుచ్చుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. ఈ ప్రశ్నకు నీళ్లు నమిలే కమిటీ దగ్గర కూపన్ కొనకపోవడమే మేలు.

ఇక నా సంగతి దాచడమెందుకు? నేను కూపన్ కొనను, చెక్కు రాస్తాను. మా బాపు గుడి చందా ఇస్తే పుస్తకంలో పేరు రాసి రసీదు చింపి ఇచ్చేవాళ్లు, అంతే. ఇంటికొచ్చాక మనకేం వచ్చిందని మేమెవరం అడగలేదు. మన పిల్లలు అడుగుతున్నారంటే వాళ్లకు అది నేర్పింది మనమే: శనివారం ప్రోగ్రాంలో వాగు గురించి రెండు నిమిషాలు, డ్రా గురించి గంట.

కమిటీవాళ్లు ఎలాగూ ఇది చదువుతారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. ఈ దీపావళికి రాఫెల్ తప్పదంటే బహుమతిగా ఐప్యాడ్ వద్దు, జనగామ పక్కన పెంబర్తిలో చేసిన ఇత్తడి దీపం కొనండి. పిల్లల చేత మాత్రం కూపన్లు అమ్మించకండి. వాళ్లకో రసీదు పుస్తకం ఇవ్వండి.