ఒప్పుకుంటే చెల్లుతుందా?

పాబ్లో నెరూదా అనగానే మనకి ప్రేమ కవితలూ, ఎర్రజెండా, 1971 నాటి నోబెల్ బహుమతీ గుర్తొస్తాయి. ఆయన చిలీ ప్రభుత్వపు దౌత్యోద్యోగి కూడా. 1927లో, ఇరవైమూడేళ్ళ వయసులో రంగూన్‌కి కాన్సల్‌గా వచ్చాడు. 1929లో కొలంబో మారాడు. అరకొర జీతం, వెళ్ళవత్త సముద్రపొడ్డున ఒంటరి ఇల్లు, తెగని ఉక్కపోత. చనిపోయిన మరుసటి ఏడు, 1974లో అచ్చయిన ఆత్మకథలో ఆ రోజుల గురించి రాసిన పేజీలు చదివితే, పరాయి దేశంలో ఒంటరిగా గది తీసుకుని బతికిన ఎవరికైనా "ఇది నా కథే" అనిపిస్తుంది.

సరిగ్గా ఆ పేజీల మధ్యనే ఇంకో సంగతి ఉంది. తెల్లవారకముందే వచ్చి మరుగుదొడ్డి డబ్బా ఎత్తుకెళ్ళే తమిళ స్త్రీ ఆయన కంటపడింది. కానుకలు పెట్టాడు, ఆమె చూడనైనా లేదు. ఒక ఉదయం చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళాడు. ఆమె ఇష్టపడలేదని ఆయన రాతలోనే ఉంది. తనని అసహ్యించుకోవడం న్యాయమేననీ రాశాడు.

"తనే చెప్పాడుగా, లేకపోతే మనకెలా తెలిసేది?" అంటారు అభిమానులు. నిజమే. కానీ ఎవరికి చెప్పాడు? పాఠకులకి. బాకీ ఒకరికైతే రసీదు ఇంకొకరు ఎలా ఇస్తారు? పైగా ఆ పేరాలో ఆమెని దక్షిణాది శిల్పంతో పోల్చాడు. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది అదే. నేరం కూడా మంచి వచనమైపోయింది. ఆమె మౌనానికి అర్థం చెప్పిందీ ఆయనే. ఆమె పేరు మాత్రం పుస్తకంలో లేదు.

2018లో శాంటియాగో విమానాశ్రయానికి నెరూదా పేరు పెట్టాలన్నప్పుడు చిలీ స్త్రీలు ఈ పేరానే ఎత్తి చూపించారు. 2021లో శ్రీలంక దర్శకుడు అశోక హందగమ 'అల్బొరాదా' అనే సినిమా తీశాడు. అంటే ఆ ఒప్పుకోలుతో లెక్క తేలలేదన్నమాట.

నెరూదా కవితలు నేనింకా చదువుతాను. అది వేరే సంగతి. మనం, ముఖ్యంగా దేశం వదిలొచ్చినవాళ్ళం, వేసవి సెలవుల జ్ఞాపకాలు తెగ రాస్తాం. మామిడితోట, నూతి గట్టు, అమ్మమ్మ ఆవకాయ అన్నీ ఉంటాయి. ఆవుకి కూడా పేరుంటుంది. పెరటి సందులోంచి తలమీద బుట్టతో వెళ్ళిన మనిషి కనబడదు. కనబడినా "పాకీ ఆవిడ" అంతే. నెరూదా చేసినదీ ఇదీ ఒకటని అనను. కానీ ఆమెకీ ఒక పేరుండే ఉంటుంది, ఆ ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. అడగడానికి అమ్మమ్మలు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.