ఎదుటివాని తప్పు మన తప్పునకు సమర్థన మగునా?

ఒక వర్తకుడు దొంగతూకము తూచినచో, పొరుగు వర్తకుడును తన తూనికరాళ్లను మార్చుకొనుట న్యాయమా యని యడిగినయెడల, కాదని బాలుడు సహితము చెప్పును. రాజ్యములే వర్తకులైనప్పు డీ యుత్తరము మారునా యనునదియే మేమిచ్చట విచారింపదలచిన ప్రశ్నము.

చీనాదేశము 2001వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరి, దాని నియమములకు లోబడెదనని యొప్పుకొనెను. అయినను అరుదైన ఖనిజముల యెగుమతికి మితులు విధించెను. ప్రకృతిరక్షణమే తన యుద్దేశమని వాదించినను, 2014లో తీర్పు దానికి ప్రతికూలముగా వచ్చెను; 2015లో నా మితులు తొలగెను. కాని జరిగిపోయిన నష్టమునకు పరిహార మెవ్వరికిని లభింపలేదు. ఆ సంస్థ విధానమున నట్టి పరిహారము లేదు.

కావున న్యాయము మందగమనమనియు, మోసగానికే లాభమనియు అమెరికావారు చెప్పుమాటలో కొంత సత్యము లేకపోలేదు. అయితే వారు చేసిన దేమి? చీనా తమ మేధాసంపత్తి నక్రమముగా హరించుచున్నదని యారోపించి, సంస్థ యనుమతి లేకయే 2018 జూలై 6వ తేదీనుండి 3,400 కోట్ల డాలర్ల సరకులపై నూటికి 25 వంతున సుంకము విధించిరి. చీనాయు నాదినమే ప్రతిసుంకము విధించెను. 2020 సెప్టెంబరులో విచారణసంఘము అమెరికా సుంకములు నియమవిరుద్ధములని నిర్ణయించెను. అమెరికా అప్పీలు చేసెను. కాని దానిని వినవలసిన న్యాయపీఠము, న్యాయాధిపతుల నియామకమునకు అమెరికాయే యడ్డుపడుటచేత, 2019 డిసెంబరునుండియే మూతవడి యుండెను. న్యాయస్థానపు తలుపు మూసి, దానియెదుట ఫిర్యాదు నుంచుట న్యాయాపేక్ష యగునా?

ఫిర్యాది తానే న్యాయాధిపతి యైనచోట గెలుచునది సత్యము గాదు, బలము. బలవంతులిద్దరు పోరాడినను తుద కిద్దరును నిలువగలరు. దుర్బలుని గతి యేమి? అంటిగువా బార్బుడా యను చిన్న ద్వీపరాజ్యము జూదపు వ్యాపారమును గూర్చి అమెరికాపై 2005లో వ్యాజ్యము గెలిచెను. 2013లో నేటికి 2 కోట్ల 10 లక్షల డాలర్ల మేరకు ప్రతీకారమున కనుమతియు పొందెను. కాని చీమ యేనుగుపై సుంకము విధించి యేమి సాధింపగలదు? అట్టివారికి నియమమొక్కటియే కవచము. దానిని చీల్చువాడు శత్రువును మాత్రమే గాయపరుపడు.

నియమము లోపభూయిష్ఠమైనచో బాహాటముగా దిద్దవలెను. నష్టపరిహారమునకు దారి కల్పింపవలెను. అంతవరకు విజ్ఞులు తమ పక్షమువారి నీ ప్రశ్న మడుగుదురు గాక: మీరు చేయుచున్న పనినే మీ ప్రత్యర్థి చేసినయెడల దానిని న్యాయమని యొప్పుకొందురా? ఒప్పుకొనజాలనివారు తూనికరాళ్లను మార్చుచున్నవారే.