అమ్మవారు కూడా ఊరు విడిచింది

కంచి బంగారు కామాక్షి ఇప్పుడు కంచిలో లేదు, తంజావూరు మేలవీధిలో ఉంది. యుద్ధాల భయానికి అర్చకులు ఆ విగ్రహాన్ని పల్లకిలో పడుకోబెట్టి, అమ్మవారు పోసిన బిడ్డను తీసుకుపోతున్నామని చెప్పి ఊరు దాటించారంటారు. ఉడయార్‌పాళెంలో, తర్వాత తిరువారూరులో తలదాచుకుని, హైదరాలీ దండు దక్షిణాదిమీద పడ్డ 1781 ప్రాంతంలో తంజావూరు చేరింది. ఆ అర్చకుల పూర్వీకులది మా కంభం ప్రాంతమే. తిరువారూరులో ఉండగా 1762లో ఆ ఇంట పుట్టినవాడు వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి.

అలా వెళ్లిన ఇంకో ఇల్లు త్యాగరాజస్వామిది, ఇంటిపేరు కాకర్ల. అర్ధవీడు మండలంలోని మా కాకర్ల నుంచే ఆ కుటుంబం కావేరి ఒడ్డుకు వెళ్లిందని ఈ ప్రాంతంలో అందరం చెప్పుకుంటాం. 1565లో విజయనగరం కూలాక ఎన్ని తెలుగు ఇళ్లు తంజావూరు సీమకు తరలిపోయాయో! గిద్దలూరు భజనల్లో హార్మోనియం పట్టే నాకు ఇది గర్వంగానే ఉంటుంది. అయితే ఆ గర్వం వెనకే ఒక ప్రశ్న కూడా వస్తుంది. ఊరు వదిలి వచ్చినవాళ్లకు చోటు ఎందుకివ్వాలి?

పాటలిచ్చారు కాబట్టి అని చాలామంది అంటారు. ఆ మాట నాకు నచ్చదు. కంచి నుంచి విగ్రహం బయల్దేరిన నాటికి శ్యామశాస్త్రి పుట్టనే లేదు. ఉడయార్‌పాళెంలో చోటిచ్చినవాళ్లకు ఆయన సంగతి ఏం తెలుసు? వాళ్లు చూసింది బెదిరిపోయిన మనుషుల్ని, పల్లకిలో ఒక విగ్రహాన్ని. రామాయణంలోనూ అంతే. విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు వద్దన్నాడు, శత్రువు తమ్ముడన్నాడు. శరణన్నవాడికి అభయమివ్వడమే నా వ్రతమన్నాడు రాముడు. నీవల్ల మాకేం లాభమని అడగలేదు. చోటు ముందు, పాట తర్వాత. ఆ పాట ఒక్కోసారి రెండు మూడు తరాలు గడిచాక వస్తుంది.

వచ్చినప్పుడు మాత్రం ఎలా వచ్చిందో చూడండి. అమ్మవారు కంచిది, అర్చకుడి మూలం కంభం, తంజావూరు రాజు మరాఠా, నేల తమిళం, సాహిత్యం తెలుగు. భైరవి, యదుకులకాంభోజి, తోడి రాగాల్లో శ్యామశాస్త్రి కట్టిన మూడు స్వరజతులు కామాక్షి మీదివే. ఇక తిరువయ్యారులో త్యాగయ్య ఉంఛవృత్తి చేసేవాడు. వీధివెంట పాడుతూ వెళ్తే తమిళ ఇల్లాళ్లు భిక్ష వేసేవాళ్లు. ఆ కీర్తనలు ఇవాళ మనదాకా వచ్చాయంటే అందులో ఆయన శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ రాతప్రతుల పుణ్యం చాలా ఉంది. ఈ భాగవతార్ సౌరాష్ట్రుడు. వాళ్ల పెద్దలూ గుజరాతు వైపు నుంచి వలస వచ్చినవాళ్లే. ఒక వలస ఇంటి పాటను ఇంకో వలస ఇంటివాడు రాసి దాచాడు. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆనాడు వెళ్లినవాళ్లలో చదువున్నవాళ్లకు, అర్చకత్వం ఉన్నవాళ్లకు రాజుల ఆదరణ దొరికింది. కూలిజనం పాటలు ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడూ రాసుకోవడం లేదు. వెలిగొండ ప్రాజెక్టు కింద సుంకేసుల, గుండంచర్ల, కలనూతల లాంటి ఊళ్లు మునకలోకి వెళ్తున్నాయి. మా ఏకాదశి భజనకు అటునుంచి వచ్చిన ఒక పెద్దామె వస్తుంది, ఇక్కడ కూతురింట్లో ఉంటోంది. చెక్కభజన వరస ఎత్తుకుంటే ఆమె గొంతుకు నా హార్మోనియం అందదు. తమ ఊరి పోలేరమ్మ మీద ఆమె పాడే పాటలో వాగు పేరుంది, చింతచెట్టు ఉంది, కొలుపులకు కుండ మోసిన ఆడవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఊరు మునిగితే అమ్మవారు ఎక్కడికి పోతుందని అడిగాను.

"యాడికి పోతాది నాయనా? మేం పోయిన కాడికే వస్తాది. పాట పాడి పిలుచుకోవాల, అంతే" అంది.

దేవుడు నేలకు కట్టుబడి ఉంటాడా, మనిషికి కట్టుబడి ఉంటాడా అన్న చర్చ శాస్త్రాల్లో ఎంతైనా ఉండనీండి. బంగారు కామాక్షి సంగతి ఎరిగినవాడిగా నేను ఈమె మాటనే నమ్ముతాను. 2021లో తాలిబాన్ల భయానికి ఊరు విడిచిన కాబూల్ సంగీత పాఠశాల పిల్లలు పోర్చుగల్ చేరి అక్కడ తమ రాగాలు నేర్చుకుంటున్నారంటే, వాళ్లు చేస్తున్నదీ ఈమె చెప్పిన పనే.

మునక గ్రామాలకు కొత్త కాలనీలు కట్టేవాళ్లకు నా విన్నపం ఒకటుంది. ఇంటి స్థలంతో పాటు బొడ్రాయికి, అమ్మవారికి, భజనకు కూడా చోటు వదలండి. మార్కాపురం, కంభం, గిద్దలూరు కుర్రాళ్లకు ఇంకోటి. మీ చేతిలో సెల్‌ఫోన్లున్నాయి. ఆ ఊళ్ల ముసలివాళ్ల దగ్గర కూర్చుని, ఆ పాటలు పాడినవాళ్ల పేర్లతో సహా ఈ ఏడే రికార్డు చేసి పెట్టండి.