తెలియక చేసిన హింస

చేతితో చంపనివాడు అహింసాపరుడని మనము సాధారణముగా తలంతుము. కాని చూడక త్రొక్కిన అడుగునకు, ఎరుగక ఎత్తిన తట్టెడు ఇసుకకు దోషము లేదా? ఈ ప్రశ్నను ఒక పక్షి మన ముందుంచుచున్నది.

దానిని ఇండియన్ స్కిమ్మర్ అందురు. నారింజ వన్నె ముక్కు. అందు పై భాగము కంటె క్రింది భాగము పొడవు. నోరు తెరచి, ఆ క్రింది ముక్కుతో నీటిని చీల్చుచు ఎగిరి, తగిలిన చేపను పట్టును. శీతకాలమున మన కాకినాడ తీరపు మేటలపై ఈ పక్షులు గుంపులుగా వ్రాలును. వేసవికి నదులలోని ఇసుక తిన్నెలపై సంతానమును కనును. అట్టి తావులలో ముఖ్యమైనది ఉత్తర భారతమున చంబల్ నది.

దీనికి చెట్టు నీడ లేదు, తొర్ర లేదు. ఇసుకలో చిన్న గుంటయే గూడు. గ్రుడ్లును ఇసుకలో కలిసిపోవు వన్నెవే. ఎండ మండునపుడు పొదుగు పక్షి తన పొట్టను నీట తడిపికొని వచ్చి గ్రుడ్లను చల్లబరచును. అట్టి గూటిని పశువు త్రొక్కును. ఇసుక బండి చక్రము నలుపును. ఎగువ ఆనకట్టల వలన నీరు తగ్గినచో తిన్నె గట్టుతో కలియును. కుక్కలు, నక్కలు నడచి వచ్చును. ఒక్కసారిగా నీరు వదలినచో గూళ్లన్నియు కొట్టుకొనిపోవును. ఇసుక తోలువానికి గాని, నీరు వదలువానికి గాని పక్షిపై పగ లేదు. అయినను ప్రపంచమున పెద్ద పక్షులు మూడువేలకు మించవని అంచనా. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీనిని మరింత అపాయమున నున్న వర్గమునకు మార్చినది.

“ఏటి ఒడ్డు పేదవాని బ్రతుకు కంటె పక్షి ఎక్కువా?” అని కొందరు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. కాని చంబల్ తీరమున ఆ ఒడ్డువారే దీనికి సమాధానమైరి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు గ్రామస్థులనే గూళ్లకు కావలి నియమించిరి. వారు పశువులను, కుక్కలను తిన్నెకు రానీయక గూళ్లను కాపాడిరి. కూలియు దక్కెను, ప్రాణియు దక్కెను. ఇట్టి పని కాయకము గాక మరేమి?

మన ఏటి తిన్నెలపైనను తీతువు నేలమీదనే గ్రుడ్లు పెట్టును. కావున మఠమునకైనను, ఇంటికైనను ఇసుక తెప్పించునపుడు అది ఏ ఏటిది, ఏ నెలలో ఎత్తినది అని ఒక్క మాట అడుగుదము. నదిని విడువుమని పక్షి కోరుట లేదు. పొదుగు నాళ్లలో కొన్ని తిన్నెలను మాత్రమే విడువుమనుచున్నది. తెలియనంత వరకు అది పొరపాటు. తెలిసిన పిదప అదియే హింస. ఆ నాలుగు నెలలు ఓర్వలేని దయ, దయ యనిపించుకొనదు.