బాటసారి వాటా

మాఫీ, మినహా. ఈ రెండు మాటలూ అరబ్బీలో పుట్టి, ఫార్సీ ఉర్దూ కచేరీల మీదుగా తెలుగు కరణాల లెక్కల్లోకి వచ్చినవే. శిస్తు మాఫీ, వడ్డీ మాఫీ, ఫీజు మాఫీ అని ఇవాళ పల్లెటూరి ముసలమ్మ కూడా అంటుంది. ఆ మాటల్ని ఎవరూ మీదే ఊరని అడగలేదు. ఎప్పుడొచ్చారని, ఎప్పుడు వెళ్తారని నిలదీయలేదు. ఆ మాటలు ఇంట్లో మాట్లాడుకునే మనుషుల్ని మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మాఫ్ చేయడమంటే క్షమించడం. క్షమించాలంటే ముందు ఒక తప్పో, అప్పో ఉండాలి. చదువుకుంటానన్న పిల్లవాడు ఏం తప్పు చేశాడు? ఎవరికి ఏం బాకీ పడ్డాడు? ఫీజు మాఫీ మీద చర్చ వచ్చినప్పుడల్లా ఎంత, ఎంతమందికి అని లెక్కలు వేస్తారు. మేము అడగదలచుకున్నది లెక్క గురించి కాదు, పేరు గురించి. ఒకడికి చేసిన మాఫీ ఆతిథ్యం ఎలా అవుతుంది? ఇంకొకడికి చేసిన మాఫీ బుజ్జగింపు ఎందుకవుతుంది?

ఈ ప్రశ్న కోసం దూరం వెళ్ళనక్కరలేదు. మా తాడేపల్లిగూడెంలోనే ఉంది. ఉల్లిపాయల మార్కెట్టుకూ, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వేకూ పేరుపడిన ఊరు మాది. రాష్ట్రం విడిపోయాక 2015లో ఇక్కడికి నిట్ వచ్చింది. మొదట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ గదుల్లో తరగతులు నడిచాయి. తర్వాత కడకట్లలో సొంత భవనాలు లేచాయి. దేశం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి మా హోటళ్ళలో టిఫిన్ తింటున్నారు, మా ఆటోలెక్కుతున్నారు. మాకు సంతోషమే.

ఆ సంస్థలో ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురు పిల్లల ఫీజు నాలుగు రకాలుగా ఉండొచ్చు. దేశంలోని నిట్‌లన్నిటికీ ఇటీవలి సంవత్సరాల్లో ఉన్న నిబంధన చూడండి. ఇంజనీరింగ్ డిగ్రీకి ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా 25 వేలు. దళిత, ఆదివాసీ, వికలాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా లేదు. మిగతావాళ్ళలో కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల లోపుంటే మూడింట రెండొంతులు మాఫీ. విదేశాల నుంచి వచ్చేవాళ్ళకు దాసా అనే వేరే దారి ఉంది. వాళ్ళు సెమిస్టరుకు 4 వేల డాలర్లు కట్టాలి. పొరుగునున్న సార్క్ దేశాల పిల్లలకు అందులో సగం. ఈ సీట్లు అదనంగా సృష్టించినవి, ఇక్కడి పిల్లల వాటాలోంచి తీసినవి కావు.

ఆ దాసాలో మూడో వంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయ కార్మికుల పిల్లలకని పక్కన పెట్టారు. విదేశంలో చదివి వచ్చినా వాళ్ళకు విదేశీ ఫీజు లేదు. ఇక్కడి పిల్లలతో సమానంగా కడితే చాలు. ఇది మంచి నిబంధన. నీ తండ్రి చెమట ఎక్కడ కార్చినా నువ్వు పరాయివాడివి కావు అని ఒక ప్రభుత్వ కాగితం అంటోంది. ఈ మాట వినాలని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నవాళ్ళం మేము. కనక పరాయి దేశపు విద్యార్థికి రాయితీ ఎందుకని అడిగేవాళ్ళలో మేము లేము.

మాకు తెలిసిన ధర్మం కూడా అలా అడగనివ్వదు. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ చెప్పిన ఎనిమిది రకాల మనుషుల్లో బాటసారి ఒకడు. అతడు తన ఊళ్ళో కలిగినవాడే కావచ్చు. ఇల్లు విడిచి దారిలో చిక్కుబడ్డాడు కాబట్టి వాటాదారుడయ్యాడు. అతని మతం, మొహం నచ్చి ఇచ్చే ఖైరాత్ కాదది. ఖైరాత్‌లో ఇచ్చేవాడి దయ ఉంది. జకాత్‌లో పుచ్చుకునేవాడి హక్కు ఉంది. కైరోలోని అల్ అజ్హర్‌లో దేశదేశాల విద్యార్థులకు వేర్వేరు వసారాలుండేవి. వక్ఫు ఆస్తుల ఆదాయంతో వాళ్ళకు రొట్టె, బస దొరికేవి.

ఇది మా ఒక్కరి గొప్పే అనుకోవడం లేదు. నలందాకు వచ్చిన చైనా యాత్రికులు తమ తిండి, బస గ్రామాల ఆదాయం మీద ఎలా నడిచాయో రాసిపెట్టారు. మన నాగార్జునకొండలోనే ఇక్ష్వాకుల కాలంలో సింహళ విహారం ఉన్నట్టు శాసనం చెబుతోంది. సముద్రం దాటి వచ్చినవాడికి కృష్ణ ఒడ్డున చోటు దొరికింది. చదువు కోసం వచ్చినవాడిని సరిహద్దు అడగకపోవడం ఈ నేలకు పాత అలవాటు.

స్వతంత్ర భారతంలో ఆ అలవాటుకు ఒక సంస్థ రూపం ఇచ్చినవాడు మౌలానా అబుల్ కలాం ఆజాద్. విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే భారత సాంస్కృతిక సంబంధాల మండలిని తొలి విద్యామంత్రిగా 1950లో ఆయన స్థాపించాడు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆ స్కాలర్‌షిప్పుల మీద పిల్లలు వస్తూనే ఉన్నారు. ఆజాద్ ఎక్కడ పుట్టాడు? 1888లో, మక్కాలో. తండ్రి హిందుస్తానీ. ఇవాళ్టి దరఖాస్తు ఫారంలో ఆయన్ని ఏ గడిలో రాస్తారు? బయట పుట్టినవాడే ఇంటి తలుపు తీసి బయటివాళ్ళను లోపలికి పిలిచాడు.

అదే ఆజాద్ పేరుతో 2009లో మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఒక ఫెలోషిప్ పెట్టారు. ముస్లింలకే కాదు, క్రైస్తవులకు, సిక్కులకు, బౌద్ధులకు, పార్సీలకు కూడా. 2022 డిసెంబరులో దాన్ని ఆపేస్తున్నామని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. వేరే ఫెలోషిప్పులు ఉన్నాయి కదా అన్నది కారణం. విదేశాల్లో చదివే మైనారిటీ పిల్లల అప్పు మీద వడ్డీ భరించే ‘పఢో పర్‌దేశ్’ పథకాన్ని కూడా 2022–23లోనే ఎత్తేశారు. అవి నడిచినన్నాళ్ళూ వాటిని చదువు సాయమని ఎంతమంది పిలిచారు? బుజ్జగింపు అనే పిలిచారు.

పొరుగు దేశం పిల్లవాడికి సగం ఫీజు తీసేస్తే స్నేహం. గల్ఫ్ నుంచి వచ్చిన పిల్లవాడికి విదేశీ ఫీజు తీసేస్తే కృతజ్ఞత. తాడేపల్లిగూడెం టైలరు కొడుకుకి అదే పని చేస్తే ఓట్ల కోసం. డబ్బు ఒక్కటే, ఖజానా ఒక్కటే. పేరు మాత్రం పుచ్చుకునేవాడిని బట్టి మారిపోతోంది. బయటివాడు మర్యాదకు పాత్రుడైనప్పుడు ఇంట్లోవాడు అనుమానానికి ఎందుకు పాత్రుడయ్యాడు?

జర్మనీ సంగతి చూడండి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు, విదేశీయులకు కూడా. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి అటువంటి ఫీజు పెట్టింది. మిగతా చోట్ల ఇంకా తలుపు తెరిచే ఉంది. ఆ తలుపులోంచి మన తెలుగు పిల్లలు ఎంతోమంది వెళ్తున్నారు. అన్ని కులాలవాళ్ళూ, అన్ని మతాలవాళ్ళూ. అక్కడి కార్మికుడి పన్ను డబ్బుతో వాళ్ళ చదువు సాగుతోంది. దాన్ని ఏ తల్లిదండ్రులూ తలవంపుగా అనుకోరు, అనుకోనక్కరలేదు కూడా. పెళ్ళిచూపుల్లో సైతం గర్వంగా చెప్పుకుంటారు. పరాయి దేశంలో అందుకున్న మాఫీ ప్రతిభకు గుర్తయినప్పుడు, సొంత ఊళ్ళో మేము అందుకున్న మాఫీ మా చేతకానితనానికి గుర్తు ఎలా అవుతుంది?

మా లౌకిక మిత్రులు కొందరు ఇక్కడ ఒక మాటంటారు. మతాన్ని చూడకుండా ఆదాయాన్నే చూస్తే ఈ గొడవే ఉండదు కదా, నిట్‌లో అలాగే చూస్తున్నారు కదా అని. ఈ మాటలో నిజం ఉంది. లక్ష లోపు ఆదాయమున్న ముస్లిం పిల్లవాడికి అక్కడ పూర్తి మాఫీ దొరుకుతుంది. అతన్ని ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ బెంచీ దాకా వచ్చినవాడి సంగతే ఆ నిబంధన చూడగలదు. రాలేకపోయినవాడు దాని కంటికి కనపడడు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 20 ఏళ్ళు దాటినవాళ్ళలో డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్ళు సుమారు 7 శాతమైతే, ముస్లింలలో 4 శాతం కన్నా తక్కువని సచార్ కమిటీ 2006లో చెప్పింది. ఈ తేడా ఒక్క ఆదాయం తెచ్చినది కాదు. వెనుకబాటుకి ఒక చిరునామా ఉన్నప్పుడు సాయానికీ చిరునామా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన 4 శాతం రిజర్వేషన్ చట్టం కూడా ముస్లింలందరికీ కాదు, వెనుకబడినవని గుర్తించిన సమూహాలకే. అయినా అది ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదే నిలబడింది.

చిరునామా ఒక్కటే ఉంటే చాలదని కూడా మాకు తెలుసు. దానికి రుజువు ఆ గల్ఫ్ నిబంధనలోనే ఉంది. కాగితం మీద ‘కార్మికులు’ అని ఉంది. ఆ సీటు రావాలంటే మాత్రం పిల్లవాడు పదకొండు, పన్నెండు తరగతులు అక్కడే చదివి ఉండాలి. అక్కడ చదవాలంటే కుటుంబం అక్కడ ఉండాలి. కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే జీతం గట్టిగా ఉండాలి. కువైట్ 2024లో కుటుంబ వీసాకు నెలకు 800 దినార్ల జీతం ఉండాలని షరతు పెట్టింది. అది ఇంజనీరు జీతం, మేనేజరు జీతం.

మరి గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు కార్మికులు కారా? డ్రైవర్లు, మేస్త్రీలు, ఎండలో ఇనుము వంచేవాళ్ళు కార్మికులు కారా? వాళ్ళలో ముస్లింలున్నారు, దళితులున్నారు, బీసీలున్నారు. వాళ్ళ పిల్లలు నరసాపురం పక్కనో, కొల్లేటి లంకల్లోనో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. తల్లి గల్ఫ్‌లో ఉంది, పిల్ల ఇక్కడ ఉంది. పిల్ల ఇక్కడ ఉంది కాబట్టి ఆమె గల్ఫ్ కార్మికురాలి బిడ్డ కాదు! కార్మికుడి పేరుతో పెట్టిన విస్తరిలో కార్మికుడి బిడ్డకే చోటు లేదు. మా పెద్దమనుషుల్లో గల్ఫ్‌లో స్థిరపడినవాళ్ళు ఈ నిబంధన లాభం పొందారు. ఆ అమ్మమ్మల దగ్గరి పిల్లల గురించి వాళ్ళు గొంతెత్తిన పాపాన పోలేదు. మాలో బలిసినవాళ్ళు మా పేరు చెప్పి తినేదాన్ని మా హక్కుగా మేము ఒప్పుకోము.

కనక మా వాదన విదేశీ విద్యార్థి మీద కాదు. అతడు బాటసారి, అతని వాటా అతనిది. కానీ ఇల్లు విడిచినవాడు ఒక్కడే బాటసారా? తల్లి దేశం దాటితే బిడ్డ ఉన్న ఊళ్ళోనే బాటసారి అవుతుంది. నువ్వెక్కడివాడివని రోజూ అడిగితే మనిషి పుట్టిన వీధిలోనే బాటసారి అవుతాడు. పాస్‌పోర్టు చూసి ఇచ్చే మాఫీ వీళ్ళను గుర్తుపట్టలేదు. ఎవరు దేనికి దూరమయ్యారో చూసి ఇచ్చే మాఫీ గుర్తుపడుతుంది.

మేము అడుగుతున్నవి పెద్దవేం కావు. గల్ఫ్ కార్మికుల పేరున్న సీట్లలో, ఇక్కడే చదువుకున్న అసలు కార్మికుల పిల్లలకూ దారి తీయండి. ఫీజు లెక్కలో ఆదాయాన్ని చూడండి, దానితోపాటు బెంచీ దాకా రాలేకపోయిన సమూహాలనూ చూడండి. ఇచ్చినదానికి మా నుంచి విధేయత అడగకండి. విదేశీ విద్యార్థిని మీరు అలా అడగడం లేదు కదా. అతన్ని చూసినట్టే మమ్మల్నీ చూడండి.

మాఫీ అనే మాటను తెలుగు తనదిగా చేసుకుంది. ఆ మాటకు దొరికిన చోటు ఆ మాట పలికేవాళ్ళకూ దొరకాలి. అంతకు మించి మాకు ఏ మినహాయింపూ అక్కర్లేదు.