బొట్టు పెట్టే ముందు

దసరా వస్తే బందరులోనూ గుడివాడలోనూ జిరాక్సు షాపులో మిషను మొదలుకొని వరికోత యంత్రం దాకా అన్నిటికీ పసుపూ కుంకుమా పడతాయి. ఏడాదికొక రోజు యంత్రానికి దణ్ణం పెట్టే మనం, అది మొరాయించిన రోజున ఏం చేస్తున్నాం? పిల్లల ప్రాజెక్టు పనులకనీ హాల్‌టికెట్లకనీ కొన్న ఇంక్‌జెట్ ప్రింటరు రెండు నెలలు మూలన పడి ఉంటే నీలం రంగు పడదు, నలుపు గీతలు గీతలుగా వస్తుంది. ‘పోయింది, కొత్తది కొందాం’ అనేస్తాం. ప్రాణం లేని వస్తువు పట్ల మనిషికి ధర్మం ఉంటుందా అన్న పెద్ద ప్రశ్న ఈ చిన్న సందర్భంలోనే తేలాలి. ఉంటుందనే నా వాదన. ఆ ధర్మం తీరేది బొట్టుతో కాదు, అంతకు ముందు చేసే శుభ్రంతో.

నిజానికి అలాంటి ప్రింటరు చాలాసార్లు చెడిపోలేదు, ఎండిపోయింది. ప్రింట్ హెడ్‌లో సిరా చిమ్మే రంధ్రాలు (నాజిళ్లు) తలవెంట్రుక మందంలో మూడోవంతో నాలుగోవంతో ఉంటాయి. వాడకపోతే సిరాలోని నీరు ఆవిరై, రంగు అక్కడే గడ్డకడుతుంది. విరుగుడు కూడా నీళ్లే. ముందు నాజిల్ చెక్ పేజీ తీసి ఏ రంగు రావడం లేదో చూడాలి. ప్రింటరులోనే ఉండే హెడ్ క్లీనింగ్ రెండు మూడుసార్లు నడిపి, రాత్రంతా వదిలేసి, మళ్లీ చూడాలి. అప్పటికీ రాకపోతే, హెడ్ ఊడివచ్చే రకమైతే, గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన, పీచు రాలని గుడ్డ మీద రంధ్రాల వైపు ఆనేలా కొన్ని గంటలు ఉంచాలి. రాగి రంగులో మెరిసే కరెంటు బిందువులకు తడి తగలకూడదు. బందరు, దివిసీమ ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లు వాడితే సిరా పోయినచోట ఉప్పు పేరుకుంటుంది. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరకని ఊరు లేదు కదా.

ఈ పనిలో చేయకూడనివి కూడా ఉన్నాయి, నీతి అక్కడే ఉంది. పిన్నీసుతో గీకితే రంధ్రం పాడవుతుంది. క్లీనింగ్ పదేపదే నడిపితే ఖరీదైన సిరా అడుగునున్న స్పాంజిలోకి పోతుంది. అది నిండిందని లెక్క తేలాక కొన్ని ప్రింటర్లు పనిచేయడమే మానేస్తాయి. వేడితో సిరా చిమ్మే రకమైతే, సిరా అందకుండా నడిపిస్తే హెడ్ కాలిపోతుంది. అంటే పారేసే తొందర ఎంత తప్పో, బాగుచేసే తొందర కూడా అంతే తప్పు. నానబెట్టి ఓపిగ్గా ఉండటమే ఇక్కడ పని.

‘వస్తువును పట్టుకుని వేలాడటం మోహం కాదా, వదిలేయడమే వైరాగ్యం కదా’ అని ఒక ఆక్షేపణ. గుడివాడలో పార్శ్వనాథుడి జైనాలయం ఉంది, ఘంటసాలలో బౌద్ధ స్తూపం అవశేషాలున్నాయి. అపరిగ్రహం ఈ నేలకు కొత్త మాట కాదు. బౌద్ధుల వినయపిటకంలో ఉదయన మహారాజు, అయిదువందల వస్త్రాలు దానం పట్టిన బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ణి ఇన్ని ఏం చేసుకుంటారని నిలదీస్తాడు. కొత్తవి చిరిగిన చీవరాలున్న భిక్షువులకు పంచుతాం, పాతవి పక్కదుప్పట్లవుతాయి, ఆపైన కాళ్లు తుడుచుకునే గుడ్డలవుతాయి, చివరికి మట్టిలో కలిపి మెత్తుతాం అన్నది ఆనందుడి జవాబు సారాంశం. సర్వం వదిలినవాళ్లే గుడ్డపేలికను చివరిదాకా వాడారు. మోహం ఉన్నది పాతదాన్ని బాగుచేసుకునేవాడిలో కాదు, కొత్తదాని కోసం పాతదాన్ని తోసేసేవాడిలో.

‘ప్రాణం లేనిదానికి ధర్మమేమిటి’ అనేది రెండో ఆక్షేపణ. నిజమే, ప్రింటరుకు బాధ లేదు. కానీ దాన్ని చేసిన చేతులకు శ్రమ ఉంది, అది చెత్తయ్యాక విప్పి తీసే చేతులకు ప్రమాదం ఉంది. మన ధర్మం ఆ మనుషుల పట్ల. ‘2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి కదా’ అనవచ్చు. ఆ బాధ్యత వస్తువు పనికిరాకుండా పోయాక మొదలవుతుంది. అంతకు ముందున్నదంతా మనదే. ‘గంట శ్రమ కంటే కొత్తది చవక’ అనే లెక్కలోనూ ఆ మనుషుల ఖర్చు లేదు. బాగుచేసుకుని వాడుకోవడం మనకు తెలియనిదేం కాదు. బెజవాడలో 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ డెల్టా బతుకు కాలువల మీదే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడికా గుర్రపుడెక్కా తీస్తారేగాని, పూడిందని కాలువను వదిలేసి పక్కన కొత్తది తవ్వరు.

అయితే ధర్మానికీ హద్దుంది. హెడ్‌లో కరెంటు భాగం కాలిపోతే ఎంత నానబెట్టినా తిరిగి రాదు. అప్పుడు దాన్ని ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. మురుక్కాలువ గట్టున పడేయడం వైరాగ్యం కాదు. ఆ గతి పట్టకుండా వారానికొకసారి అన్ని రంగులూ ఉన్న ఒక పేజీ తీయండి, ప్రింటరును దాని బటన్‌తోనే ఆపండి. అప్పుడే హెడ్ మూత మీదికి చేరి తడి ఆరకుండా ఉంటుంది. వచ్చే దసరాకు బొట్టు పెట్టే ముందు నాజిల్ చెక్ పేజీ ఒకటి తీసి చూడండి.