మణికట్టు మీది సాక్షి: దేహజ్ఞానం, ప్రమాణం, వివేకం

కొండదారుల్లో నడిచేవారి కోసం, అడవి బాటల్లో పరుగెత్తేవారి కోసం, ఎండవానలను లెక్కచేయక సైకిల్ తొక్కేవారి కోసం తయారయ్యే గట్టి స్మార్ట్‌వాచ్‌లలో దేనిని ఎంచుకోవాలన్నది పైకి అంగడి ప్రశ్నగానే కనిపిస్తుంది. ధర, బ్యాటరీ, గాజు, పట్టీ అనే నాలుగు మాటలతో అది తేలిపోతుందనీ అనిపిస్తుంది. అయితే ఈ గడియారం వేళ చెప్పి ఊరుకునేది కాదు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో, రాత్రి నిద్ర ఎంత గాఢంగా పట్టిందో, ఈ పూట శ్రమకు దేహం సిద్ధంగా ఉన్నదో లేదో కూడా చెబుతుంది కనుక, దానిని కొనడమంటే సొంత దేహాన్ని గురించి మాట్లాడే ఒక సాక్షిని నియమించుకోవడమే. అటువంటి సాక్షి దేనిని నేరుగా చూసింది, దేనిని ఊహించి చెబుతున్నది, దాని మాటకు ఎంతవరకు విలువ ఇవ్వాలి అన్న విచారణ ధర గురించిన విచారణకన్నా ముందు జరగవలసినది. భారతీయ దర్శనాలలో దీనికి ప్రమాణ విచారమని పేరు.

ప్రమాణమంటే యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనం. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. ఇంద్రియాలకు నేరుగా అందేది ప్రత్యక్షం; కనిపించిన గుర్తును బట్టి కనిపించని వస్తువును నిశ్చయించడం అనుమానం; తెలిసిన వస్తువుతో పోలికను బట్టి తెలియనిదానిని గుర్తించడం ఉపమానం; విశ్వసనీయుడైన ఆప్తుని మాట శబ్దం. దూరాన కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పున్నదని చెప్పడం అనుమానానికి నైయాయికులు తరతరాలుగా చూపే ఉదాహరణ. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న విడదీయరాని సంబంధాన్ని వారు వ్యాప్తి అన్నారు. ఆ వ్యాప్తి సడలినా, పొగ అనుకున్నది నిజానికి మంచు తెర అయినా, అనుమానం తప్పుతుంది. అటువంటి చెడిన హేతువుకు హేత్వాభాసమని పేరు.

ఈ కొలబద్దతో గడియారాన్ని పరీక్షిస్తే దాని స్వభావం స్పష్టమవుతుంది. చీకటి గదిలో దానిని చేతి నుండి కొద్దిగా పైకెత్తి చూస్తే, వెనుకవైపున చిన్న ఆకుపచ్చ దీపాలు మినుకుమినుకుమంటూ కనిపిస్తాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్నని నాళాలలో రక్తం పొంగి మరికొంత కాంతి పీల్చబడుతుంది. తిరిగి వచ్చిన వెలుగులోని ఆ హెచ్చుతగ్గులను పక్కనున్న సెన్సర్ పట్టుకుంటుంది. అంటే గడియారం గుండెను చూడదు. వెలుగు తగ్గడం, పెరగడం అనే పొగను చూసి గుండె స్పందన అనే నిప్పును ఊహిస్తుంది. పట్టీ వదులైతే, చలికి చర్మంలోని నాళాలు ముడుచుకుంటే, మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే ఆ పొగ మసకబారుతుంది. నిమిషానికి 170 అడుగుల చొప్పున పరుగెత్తేవారి చేతి కుదుపు కూడా అదే లయలో ఉండటం వల్ల, గడియారం అడుగుల లయనే గుండె లయగా పొరబడి 170 అని చూపే సందర్భాలు ఉంటాయి. మంచును పొగ అనుకున్న హేత్వాభాసానికి ఇంతకన్నా చక్కని ఆధునిక ఉదాహరణ దొరకడం కష్టం. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె విద్యుత్ స్పందననే అందుకుంటుంది కనుక, తీవ్రమైన కసరత్తులో దాని అనుమానానికి బలం ఎక్కువ.

గుండె వేగాన్ని దాటి ముందుకు వెళ్ళేకొద్దీ గడియారం చెప్పేవి అనుమానం మీద కట్టిన అనుమానాలవుతాయి. దేహం ఒక నిమిషంలో గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వినియోగించుకోగలదో తెలిపే వీఓటూ మ్యాక్స్ అనే కొలతను ప్రయోగశాలలో ముఖానికి మాస్కు తొడిగి, పీల్చి విడిచే గాలిని పరీక్షించి నిర్ణయిస్తారు; గడియారం మాత్రం పరుగు వేగాన్నీ గుండె వేగాన్నీ జోడించి దానిని అంచనా వేస్తుంది. గరిష్ఠ హృదయ వేగానికి 220లో నుండి వయసును తీసివేసే సూత్రం సగటు మనిషికి వర్తించే ఉజ్జాయింపు మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరిలో పది, పదిహేను స్పందనల తేడా ఉండటం అసాధారణం కాదు. ఇక నిద్ర, కోలుకోవడం, సన్నద్ధత వంటివాటిని ఒకే అంకెగా చూపినప్పుడు, ఆ అంకెకు దారితీసిన లెక్క చాలావరకు తయారీదారుల వద్దనే గోప్యంగా ఉండిపోతుంది. ధరించినవారు దానిని అనుమానంగా కాక ఆప్తవాక్యంగా స్వీకరిస్తారు. వస్తువును ఉన్నదున్నట్లు తెలిసి, తెలిసినదానిని ఉన్నదున్నట్లు చెప్పేవాడే ఆప్తుడన్నది శాస్త్రనియమం. లెక్కను బయటపెట్టని వాక్యానికి ఆ గౌరవం పూర్తిగా దక్కదు.

మణికట్టును పట్టి దేహస్థితిని తెలుసుకోవాలన్న ప్రయత్నం ఈ దేశానికి కొత్తది కాదు. శార్‌ఙ్గధర సంహిత నాడిని పరీక్షించే విధానాన్ని వర్ణించింది. ఆంధ్రదేశపు వైద్యుల చేతుల్లో ఎంతో కాలం నలిగిన బసవరాజీయం కూడా నాడీ విషయాన్ని విస్తరించి చెప్పింది. బొటనవేలి మొదట మూడు వేళ్ళు ఆనించి, వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందని పోల్చడం ఆ సంప్రదాయం. ఆ పోలికల వైద్యవిలువను నేటి శాస్త్రం ఎలా తూచినా, అందులోని పద్ధతి మాత్రం ఆలోచింపదగినది. నాడి ఒక్కదానితో నిర్ణయానికి రాకుండా నాలుక, కన్ను, స్పర్శ, కంఠస్వరం మొదలైన ఎనిమిది స్థానాలను చూడాలన్నది అష్టస్థాన పరీక్ష నియమం. ఒకే గుర్తుకు తీర్పు అప్పగించరాదన్న ఆ జాగ్రత్త మణికట్టు మీద ఒకే అంకెను నమ్ముకున్న కాలానికి మరింత అవసరం.

ఇంతమాత్రాన యంత్రాన్ని పక్కనపెట్టి దేహం చెప్పినట్లే వినాలన్న వాదం సిద్ధాంతమైపోదు. ఆ వాదానికి ఎత్తైన పర్వతాలే గట్టి పూర్వపక్షం. అమరనాథ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టపు పీడనంలో మూడింట రెండు వంతులకు లోపే. 5,500 మీటర్ల దగ్గర అది సగానికి పడిపోతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ముందుగా దెబ్బతినేవాటిలో విచక్షణ ఒకటి. అడుగులు తడబడుతున్న యాత్రికుడు తనకేమీ కాలేదని పట్టుబట్టి పైకే నడవడం పర్వతవైద్యంలో బాగా తెలిసిన ప్రమాదం. అలసట లేదన్న అనుభవమూ పొరబడగలదు, ఉత్సాహమూ వంచించగలదు. అటువంటి చోట విశ్రాంతిలో ఉండగా కూడా గుండె వేగం రోజురోజుకూ పెరుగుతున్నదని చూపే గడియారం, వైద్యపరికరానికి సాటి రాకపోయినా, ఆగి ఆలోచించమని చెప్పే మిత్రుని పని చేస్తుంది.

ఈ రెండు వాదాల మధ్య చిక్కును విడదీసే సూత్రం భగవద్గీత పదమూడవ అధ్యాయంలో ఉన్నది. ఆ అధ్యాయం దేహాన్ని క్షేత్రమనీ, దానిని తెలుసుకునేవానిని క్షేత్రజ్ఞుడనీ విభజిస్తుంది. క్షేత్రమంటే పొలం, క్షేత్రజ్ఞుడంటే ఆ పొలాన్ని ఎరిగినవాడు. గమనింపదగిన విషయమేమంటే, గీత ఎముకలనూ కండరాలనూ మాత్రమే క్షేత్రంగా లెక్కించలేదు. ఇచ్ఛను, ద్వేషాన్ని, సుఖదుఃఖాలను, ధృతిని కూడా క్షేత్రంలోనే చేర్చింది. అంటే ‘ఇంకా నడవగలను’ అన్న అనుభూతి సైతం తెలుసుకునేవాడు కాదు, తెలియబడేదే. ఈ దృష్టితో చూస్తే గడియారం చూపే అంకె ఒక సాక్ష్యం, దేహం వినిపించే అనుభూతి మరొక సాక్ష్యం. రెండింటినీ తూచి తీర్పు చెప్పే పీఠం మూడవవానిది. దేహాన్ని నమ్మాలా, యంత్రాన్ని నమ్మాలా అన్న ప్రశ్న సాక్షులలో ఒకరిని న్యాయపీఠం మీద కూర్చోబెట్టాలని అడుగుతున్నది. అక్కడే అది తప్పుదారి పడుతున్నది.

తీర్పరి పీఠం ఎవరిదో తేలిన తరువాత ఎంపిక సులువవుతుంది. కఠోపనిషత్తులో యముడు నచికేతునికి శ్రేయస్సు, ప్రేయస్సు అనే రెండు దారులను వివరిస్తాడు. చూడగానే ఇష్టం కలిగించేది ప్రేయస్సు. చివరకు మేలు చేసేది శ్రేయస్సు. మిలమిలలాడే తెర, వందకు పైగా క్రీడల పేర్లు, చేతి మీదనే వచ్చిపడే సందేశాలు ప్రేయస్సు వైపు లాగుతాయి. కొండ మీద చీకటి పడ్డాక శ్రేయస్సుగా తేలేవి వేరు: బ్యాటరీ నిలవడం, వచ్చిన దారినే వెనక్కి చూపడం, తడిసిన వేళ్ళతోనో చేతితొడుగులతోనో నొక్కగల బొత్తాలు ఉండటం. 2022లో వచ్చిన యాపిల్ వాచ్ అల్ట్రా మామూలు వాడకంలో ఒక ఛార్జికి 36 గంటలు నిలుస్తుందని తయారీదారు చెప్పగా, అదే ఏడాది వచ్చిన గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2 సాధారణ రీతిలో 28 రోజుల వరకు నిలుస్తుందని దాని తయారీదారు ప్రకటించారు. మొదటిది వెలుగుతో నిండిన తెరను, ఫోనుకు దీటైన సౌకర్యాలను ఇస్తుంది. రెండవది ఎండలో చక్కగా కనిపించే సాదా తెరతో సరిపెట్టి కాలాన్ని ఇస్తుంది. రోజూ ఇంటికి చేరి ఛార్జి పెట్టుకోగలవారికీ, వారం రోజులు కరెంటు లేని దారిలో నడిచేవారికీ శ్రేయస్సు ఒకటే కానవసరం లేదు.

గట్టిదనాన్ని చాటే మాటలను కూడా శబ్దప్రమాణపు నియమంతోనే పరీక్షించాలి. 10 ఏటీఎం అన్న గుర్తుకు, నిశ్చలమైన నీటిలో 100 మీటర్ల లోతున ఉండే పీడనాన్ని పరీక్షలో తట్టుకున్నదని అర్థం. దానిని కట్టుకుని అంత లోతుకు మునగవచ్చని కాదు. మిల్-స్టాండర్డ్-810 అన్నది అమెరికా సైన్యం కూర్చిన పరీక్షా పద్ధతుల సంపుటి. అందులో ఏయే పరీక్షలు జరిపారో తయారీదారు చెప్పినప్పుడే ఆ పేరుకు బరువు వస్తుంది. నీలమణి స్ఫటికపు గాజు కాఠిన్యంలో మోస్ కొలమానం మీద 9వ మెట్టున ఉండి రాతిగీతలను తట్టుకుంటుంది, కానీ గట్టి దెబ్బ తగిలితే పగలగలదు. ఎత్తును చూపే బారోమీటరు నిజానికి కొలిచేది గాలి పీడనాన్ని. కనుక రాత్రంతా డేరాలో కదలకుండా ఉన్న గడియారం తెల్లవారేసరికి ఎత్తు 40 మీటర్లు పెరిగిందని చూపితే, పెరిగింది ఎత్తు కాదు, తగ్గింది పీడనం. వాతావరణం చెడబోతున్నదని దాని సూచన. యంత్రం పనితీరు తెలిసినవారికి దాని పొరపాటు కూడా ఒక జ్ఞానమే.

సాక్షి స్థానం దాటిన అంకె లక్ష్యమై కూర్చుంటే కలిగే హాని మరొకటి. రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం వైద్య పరిశోధన నుండి పుట్టలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తరువాత, 1965లో జపాన్‌లో యమసా సంస్థ అమ్మిన మాంపోకే అనే అడుగుల మీటరు పేరుకే పదివేల అడుగుల మీటరని అర్థం. అమ్మకపు పేరు ఆరోగ్యనియమమై ప్రపంచమంతా పాకింది. నడక మేలు చేస్తుందన్నది నిజమే అయినా, రాత్రి పదకొండు గంటలకు మిగిలిన మూడువందల అడుగుల కోసం నిద్రను కోసుకుని వరండాలో తిరిగేవారు ఆరోగ్యం కోసం కాక అంకె కోసం నడుస్తున్నారు. సత్కారం కోసం, మన్నన కోసం చేసే తపస్సును గీత రాజసమన్నది. దేహశ్రమకు కూడా ఆ విభజన వర్తిస్తుంది.

తిరుమలకు అలిపిరి నుండి వెళ్ళే నడకదారిలో 3,550 మెట్లున్నాయి. మొక్కుబడి ఉన్న స్త్రీలు కొందరు ప్రతి మెట్టు దగ్గరా వంగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మరో మెట్టెక్కుతారు. అడుగులను చేతి ఊపును బట్టి లెక్కించే గడియారం, పసుపు గిన్నె పట్టుకుని నెమ్మదిగా కదిలే ఆ చేతి దగ్గర తడబడుతుంది. వేగమూ తక్కువే చూపుతుంది. అదే దారిలో గంటన్నరలో పైకి పరుగెత్తిన యువకునికి అది ప్రశంసల గుర్తులు ఇస్తుంది. యువకుని శ్రమ తక్కువది కాదు, దానిని కొలవడమూ తప్పు కాదు. అయితే ఆ రెండు ఆరోహణల మధ్య భేదం సంకల్పంలో ఉన్నది. సంకల్పాన్ని పట్టే సెన్సర్ లేదు.

ఇన్ని పరిమితులున్నా కొండకు వెళ్ళేవారు గట్టి గడియారాన్ని కట్టుకోవడమే మంచిది. దారి తప్పినప్పుడు, గాలి పలచబడినప్పుడు, ఉత్సాహం వంచించినప్పుడు అది కాపాడవచ్చు. కొనేముందు తెర మెరుపును కాక బ్యాటరీని, దారిచూపును, బొత్తాలను చూడాలి. కట్టుకున్న తరువాత ఒక చిన్న అభ్యాసం పాటించాలి: గడియారం చూసేముందు గుండె వేగమెంత ఉండవచ్చో మనసులో అనుకోవాలి, తరువాత అంకె చూడాలి, రెండూ కలవకపోతే ఆగి, బొటనవేలి మొదట వేళ్ళు ఆనించి, పదిహేను సెకన్ల పాటు నాడిని లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. కొన్ని నెలల ఈ అభ్యాసంతో దేహం చెప్పే మాటా, యంత్రం చెప్పే మాటా ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలిసివస్తుంది. ఆ తెలివిడి ఏ దుకాణంలోనూ దొరకదు; గడియారం కట్టుకున్నవారే దానిని సంపాదించుకోవాలి.